ఆవకాయ కత్తికి పేటెంటు: నూజివీడు నుంచి రాజ్‌కోట్ దాకా

ఆవకాయ ముక్కకు టెంక అంటిపెట్టుకుని ఉండాలి. టెంక ఊడిన ముక్క జాడీలో నాలుగు నెలలు తిరిగేసరికి మెత్తబడిపోతుంది, ఏడాది నిలవదు. నూజివీడు చుట్టుపక్కల ఈ మాట ఎవరికీ చెప్పనవసరం లేదు. పచ్చళ్లు పెట్టి అమ్ముకునేదాన్ని కాబట్టి నాకు అది డబ్బు లెక్కలో తెలుసు. కాయలు కొట్టేటప్పుడు టెంక విడిపోయిన ముక్కలను ఏరి పక్కన పెట్టి, తొక్కుపచ్చడి చేసి తక్కువ ధరకు వదిలించుకోవాల్సి వచ్చేది. వేసవిలో బస్తాల కొద్దీ కాయలు కొట్టించే చోట ఆ నష్టం చిన్నదేమీ కాదు.

మా దగ్గరున్న కత్తులు అందరి దగ్గరా ఉండేవే. బరువైన చెక్కపీట, దాని ఒక చివర ఇరుసు, ఇరుసు మీద తిరిగే పొడవాటి కత్తి. లారీ కమాను పట్టీని సాగగొట్టి కమ్మరి చేసి ఇస్తాడు. పదునుకు లోటుండదు. కానీ పిడిని బలమంతా పెట్టి కిందికి లాగితే ఆ ఊపు సగం మెత్తటి కండలోనే ఖర్చయిపోతుంది, టెంక దగ్గరికి వచ్చేసరికి కత్తి ఆగుతుంది. అప్పుడు రెండో దెబ్బ వేస్తారు. ఆ రెండో దెబ్బకే టెంక కండను వదిలేస్తుంది. ఎడమ చేత్తో కాయను పట్టుకోవాలి కనుక వేళ్ల సంగతి సరేసరి. పైగా పులుపు తగిలి ఇనుము నల్లబడితే ముక్కకు ఆ మరక.

మా మరిదికి విజయవాడ ఆటోనగర్‌లో లేత్, వెల్డింగు షాపు ఉంది. నేను అతన్ని అడిగింది ఒక్కటే: బలం కండలో ఖర్చు కాకుండా టెంక దగ్గర పడేలా చేయగలవా? రెండు పట్టీలను మధ్యలో మడతపడేలా కలిపితే, అవి నిటారుగా సాగే చివరి క్షణంలో బలం ఎన్నో రెట్లవుతుందని చెప్పాడు. కంకర క్రషర్లలో ఉండే ఏర్పాటే అది. చేశాడు కూడా. అయితే చిన్నరసానికి సరిపోయిన అమరిక జలాలకు సరిపోలేదు. కాయ పరిమాణం మారితే బలం పడే చోటు మారిపోతోంది. కొన్ని వారాలు దాన్ని అటకెక్కించి, ఒక రాత్రి ఫోను చేశాడు. "వదినా, కాయను నొక్కిపట్టే మీటే కత్తి ఇరుసును జరపాలి. కాయ పెద్దదైతే మీట పైనే ఆగుతుంది, ఇరుసూ పైనే ఉంటుంది. చిన్నదైతే రెండూ కిందికి దిగుతాయి." ఇంకో లాభం అతనికి కూడా తరవాతే తట్టింది. ఎడమ చెయ్యి మీట మీద ఉంటే తప్ప కత్తి గొళ్లెం ఊడకుండా చేస్తే, రెండు చేతులూ పదునుకు దూరంగానే ఉంటాయి.

ఆటోనగర్ షాపులో ఇలాంటివి పదో ఇరవయ్యో చేయవచ్చు. వేలల్లో చేయాలంటే డైలు కావాలి, ప్రెస్సులు కావాలి, దుకాణాలకు సరుకు చేర్చే మనుషులు కావాలి. అవన్నీ ఉన్నవాడికి దీన్ని అమ్మాలనుకున్నాం. చిక్కు అక్కడే వచ్చింది. అమ్మాలంటే చూపించాలి. చూపిస్తే, చూసినవాడు రేపటి నుంచి తానే చేసుకోవచ్చు.

దాన్ని ఆపగలిగేది పేటెంటే, అంటే మన అనుమతి లేకుండా ఇతరులు చేసి అమ్మకుండా ఆపే హక్కు. దాని గురించి ఎవరిని అడిగినా చింతకింది మల్లేశం గారి పేరు చెప్పారు. ఆలేరుకు చెందిన ఆయన, పోచంపల్లి చీరకు ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పడానికి, వాళ్లమ్మ చీరకు సుమారు 9,000 సార్లు చెయ్యి ఆడించడం చూడలేక యంత్రం చేశారు. దానికి పేటెంటు వచ్చింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. అలాంటి గ్రామీణ ఆవిష్కర్తలకు కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ తానే పేటెంటు దరఖాస్తు వేసి పెడుతుంది. మాకు షాపు, వ్యాపారం రెండూ ఉన్నాయి కదా, సొంతంగానే వెళదామని మా ఆయన అన్నారు. ఖర్చు చూసుకున్నాక నాకూ అదే సబబనిపించింది. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెడితే వ్యక్తులకు ప్రభుత్వ రుసుము 1,600 రూపాయలే. పెద్ద ఖర్చంతా ఏజెంటు ఫీజు.

ఏజెంటు దగ్గరికి వెళ్లే ముందు మేమే కొంత వెతికాం. గూగుల్ పేటెంట్స్, యూరప్ వారి ఎస్పాస్‌నెట్, మన పేటెంటు కార్యాలయం వారి ఇన్‌పాస్, మూడూ ఉచితమే. మాటలు పెట్టి వెతికితే ఏమీ దొరకదు. 'మ్యాంగో కట్టర్' అని కొడితే పండు ముక్కలు చేసే ప్లాస్టిక్ వస్తువులు వందల్లో వస్తాయి. ప్రపంచమంతటా పేటెంట్లకు ఒకే వర్గీకరణ ఉంది, దాని నంబర్లతో వెతకాలి. కాయల గింజలు తీసే యంత్రాలు ఎ23ఎన్ 4లో ఉంటాయి, కోసే యంత్రాలు బి26డిలో. మా మేనల్లుడు ఈ సంగతి కనిపెట్టాక రాత్రిళ్లు కూర్చుని బొమ్మలు చూస్తూ పోయాం. ఇంగ్లీషు అంతగా రాని మరిదికి బొమ్మలు చాలు. ఫలానా దాంట్లో ఇరుసు కదలదు, ఫలానా దాంట్లో కాయను పట్టేది లేదు అని చకచకా పక్కన పెట్టేస్తుంటే నాకే ముచ్చటేసింది.

హైదరాబాద్‌లో ఒక ఏజెంటును ఎంచుకున్నాం. మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, పేటెంటు ఏజెంటు పరీక్ష రాసిన అమ్మాయి. మొదటి ప్రశ్న, దీన్ని ఎవరెవరు చూశారని. పెరట్లో రేకుల షెడ్డులో మేం నలుగురమే చూశామని చెబితే ఊపిరి పీల్చుకుంది. దరఖాస్తు పెట్టకముందు బహిరంగంగా వాడినా, అమ్మినా, ఫోటో పెట్టినా కొత్తదనం పోతుంది. ఎగ్జిబిషన్లలో చూపించినవారికి ఒక వెసులుబాటు ఉంది కానీ, అది కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనలకే. మన జిల్లాల్లో పెట్టే స్టాళ్లకు అది వర్తిస్తుందనుకోకూడదు.

రెండో ప్రశ్న, కనిపెట్టింది ఎవరని. మరిది నన్ను చూపించాడు, నేను అతన్ని చూపించాను. ఆ అమ్మాయి నవ్వలేదు. ఇద్దరినీ ఆవిష్కర్తలుగా, ఇద్దరినీ దరఖాస్తుదారులుగా పెట్టి, దాని పర్యవసానం చెప్పింది. పేటెంటు చట్టం 50వ సెక్షన్ ప్రకారం ఉమ్మడి యజమానుల్లో ఎవరైనా తన మటుకు తాను ఆ వస్తువు చేసి అమ్ముకోవచ్చు, రెండోవారికి లెక్క చెప్పనక్కరలేదు. కానీ లైసెన్సు ఇవ్వాలన్నా, తన వాటా అమ్మాలన్నా రెండోవారి అంగీకారం ఉండాలి. అన్నదమ్ముల ఉమ్మడి పొలం కన్నా దీంట్లో మెలికలు ఎక్కువ. మా మధ్య ఒప్పందం స్టాంపు కాగితం మీద రాయించింది. ఇంట్లోవాళ్ల మధ్య కాగితమేమిటని మా అత్తగారు రెండు రోజులు మాట్లాడలేదు. నా మటుకు నాకు, ఇంట్లోవాళ్ల మధ్యే కాగితం ముందు ఉండాలి.

పచ్చడి పెట్టే పద్ధతికి కూడా పేటెంటు వస్తుందా అని ఊరికే అడిగాను. సంప్రదాయ విజ్ఞానానికి పేటెంటు ఇవ్వరని, అది 3వ సెక్షన్‌లో 'పి' అని చెప్పింది. కత్తి వేరు, ఆవకాయ వేరు. నాకూ అదే న్యాయమనిపించింది. ఆవకాయ ఎవరి సొత్తని?

తాత్కాలిక దరఖాస్తు ఫిబ్రవరి 2018లో వేశాం. ఆ నెలను ఏరికోరి ఎంచుకున్నాం. తాత్కాలిక దరఖాస్తు వేశాక పూర్తి వివరణ ఇవ్వడానికి 12 నెలలు గడువు ఉంటుంది. ఫిబ్రవరిలో వేస్తే మధ్యలో ఒక మామిడి సీజన్ మొత్తం దొరుకుతుంది. ఆ సీజన్‌లో తేలినవన్నీ పూర్తి వివరణలో రాసుకోవచ్చు, తాత్కాలిక దరఖాస్తులో చెప్పినవాటికి తేదీ మాత్రం ఫిబ్రవరిదే నిలుస్తుంది. సీజన్ సరుకులతో పనిచేసేవారు ఎవరైనా ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

ఆ వేసవి మాకు బాగా పనికొచ్చింది. పాత కత్తితో కొట్టిన వంద ముక్కల్లో టెంక ఊడినవి పదిహేనుకు తగ్గేవి కావు. కొత్తదానితో నాలుగో అయిదో. ఈ లెక్కలను తేదీ, కాయ రకం, ముదురు ఎంత, కొట్టిన మనిషి పేరుతో సహా పచ్చళ్ల ఆర్డర్ల పుస్తకం వెనక పేజీల్లో రాసిపెట్టాను. కత్తి కోసం 420 రకం స్టీలు, మిగతా భాగాలకు 304 రకం వాడి, ఉప్పునీళ్లలో నానబెట్టి చూశాం. కాయ కింద పలకకు ఉన్న గాడి కోణం మార్చి మార్చి చూశాం. జీడిని కిందికి నెట్టే చిన్న ముల్లు అప్పుడే చేర్చాం.

పూర్తి వివరణలో ప్రాణమంతా క్లెయిములలో ఉంటుంది. పేజీల కొద్దీ వర్ణన ఎంత బాగా రాసినా, బొమ్మలు ఎంత బాగా గీసినా, మన హక్కు ఎంతవరకో చెప్పేవి చివరనున్న ఆ నంబరు వేసిన వాక్యాలే. 'మీట, కత్తి, కాయను పట్టే ఏర్పాటు గల పరికరం' అని మొదటి క్లెయిము వెడల్పుగా రాయమన్నాను. అలా రాస్తే ప్రపంచంలోని అన్ని కత్తులూ మావవుతాయని ఆశ. ఆ అమ్మాయి వాదించలేదు, అలాగే రాసింది. కింద మాత్రం ఒకదాని మీద ఆధారపడి ఇంకొకటిగా సన్నని క్లెయిములు పేర్చింది. పడగొట్టినప్పుడు వెనక్కి తగ్గడానికి మెట్లు ఉండాలన్నది. మొత్తం పది దాటకుండా చూసింది. దాటితే ఒక్కోదానికి 320 రూపాయలు అదనం.

అప్పుడే మీర్జాపూర్ గిన్నెల కేసు చెప్పింది. మన దేశంలో పేటెంటు చట్టం చదివేవారందరూ చదివే తీర్పు అట. హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ అనే సంస్థ ఇత్తడి, జర్మన్ సిల్వర్ గిన్నెలను లేత్ మీద తిప్పేటప్పుడు కదలకుండా పట్టే పద్ధతికి 1951లో పేటెంటు తీసుకుంది. అదే పని మరొకరు చేస్తే దావా వేసింది. 1978లో సుప్రీంకోర్టు ఆ పేటెంటునే చెల్లదంది. పని తెలిసిన మామూలు పనివాడు చేయగలిగిన మార్పు అయితే అది ఆవిష్కరణ కాదని దాని సారం. మరిది ముఖం పాలిపోయింది. అతనూ పని తెలిసిన మామూలు పనివాడే కదా! "మీలాంటి పనివాళ్లు వందమంది ఈ కత్తులు చేస్తూనే ఉన్నారు, ఇరుసు జరపాలని ఒక్కరికీ ఎందుకు తోచలేదు? మనం చెప్పేది అదే" అంది.

పూర్తి వివరణతో పాటే త్వరగా ప్రచురించమని ఫారం 9 వేశాం, రుసుము 2,500. లేకపోతే 18 నెలలు ఆగాలి. దరఖాస్తును పరీక్షించమని ఫారం 18, రుసుము 4,000. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దరఖాస్తులు చెన్నై కార్యాలయం కిందికి వస్తాయి, కానీ చెన్నైకి వెళ్లాల్సిన పని ఒక్కసారి కూడా పడలేదు. పేటెంటు జర్నల్ శుక్రవారం శుక్రవారం వస్తుంది. మా పేర్లు అందులో వచ్చిన మరుసటి వారం నుంచి ఫోన్లు మొదలయ్యాయి. మీ ఆవిష్కరణను విదేశీ కంపెనీలకు అమ్మిపెడతామని, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమని. అమ్మితే కమిషన్ తీసుకోండి, ముందు పైసా ఇవ్వను అంటే ఫోను పెట్టేసేవారు. ఎవరితోనూ గొడవ పడకుండా ఏరివేసుకోవడానికి ఆ ఒక్క మాట చాలు.

సెప్టెంబరు 2019లో నిబంధనలు మారాయి. దరఖాస్తుదారుల్లో ఒక మహిళ ఉంటే త్వరిత పరీక్ష కోరవచ్చన్నారు. ఉమ్మడిగా వేసినా పరవాలేదు, అందరూ వ్యక్తులై ఉండాలి, కంపెనీ ఉండకూడదు. అప్పటికే వేసిన ఫారం 18ని 18ఎ కిందికి మార్చుకోవడానికి ఇంకో 4,000 కట్టాం. ఏళ్లు పట్టే పని నెలల్లోకి వచ్చింది. మా అత్తగారు అప్పటి నుంచి, కోడలి పేరు పెట్టబట్టే పనైందని ఊరంతా చెబుతున్నారు.

2020 జనవరిలో పరీక్ష నివేదిక వచ్చింది. చదివితే ప్రతి పేజీలోనూ కాదు, లేదు, చెల్లదు. పరీక్షకుడు మూడు పాత పత్రాలు ముందు పెట్టాడు. వాటిలో మొదటిది పోక చెక్కలు కత్తిరించే మీట కత్తెర. అడకత్తెరలో పోకచెక్క మేమే అయ్యాం. రెండోది రొట్టె కోసేది, మూడోది కాయ గింజ తీసేది. ఈ మూడింటినీ కలిపితే మీదే వస్తుందన్నది అభ్యంతరం. పైగా 3వ సెక్షన్‌లో 'ఎఫ్' కూడా. తెలిసిన పరికరాలను, ఎవరి పని వారు చేసుకుపోయేలా పక్కపక్కన అమర్చితే అది ఆవిష్కరణ కాదంటుంది అది. నాకు కోపం వచ్చింది. తాపీగా ఆలోచిస్తే మాత్రం ఆ పరీక్షకుడు అడిగింది సబబే. కత్తి దాని పని, మీట దాని పని చేసుకుపోతుంటే మేం చేసిందేమిటి?

జవాబు మా యంత్రంలోనే ఉంది. మా దాంట్లో భాగాలు ఎవరి పని వారు చేసుకోవు. కాయను పట్టే మీట కదిలితే ఇరుసు కదులుతుంది, ఇరుసు ఎక్కడుందో దాన్ని బట్టి బలం పడే చోటు మారుతుంది, ఆ మీటే గొళ్లేన్ని కూడా తీస్తుంది. ఆ మూడు పత్రాల్లో ఒక్కదానిలోనూ పట్టేదానికీ ఇరుసుకూ సంబంధం లేదు. నా వెడల్పాటి మొదటి క్లెయిము వదిలేసి, ఈ సంబంధాన్నే మొదటి క్లెయిములోకి తెచ్చాం. నా పుస్తకం వెనక పేజీల్లోని లెక్కలు పట్టికగా జతచేశాం. జవాబుకు ఆరు నెలలు గడువుంది, అంతకాలం ఆగలేదు.

ఆ వేసవిలో విచారణ వీడియోలో జరిగింది. మాట్లాడిందంతా ఏజెంటే, ఇంగ్లీషులో. ఒక దశలో కంట్రోలర్, అంటే పేటెంటు కార్యాలయంలో నిర్ణయం తీసుకునే అధికారి, ఏదో అడిగారు. చిన్న కాయ పెట్టినప్పుడు ఇరుసు ఎక్కడ ఉంటుందని. మరిది ఆ మాట అనువదించేదాకా కూడా ఆగకుండా కత్తిని కెమెరా ముందుకు జరిపి, ఒక పిందెలాంటి పునాస కాయను కొట్టి చూపించాడు. వెంటనే పెద్ద కాయ. తరవాత పదిహేను రోజుల్లో రాతపూర్వక వాదన పంపాం. ఆ ఏడాది చివర్లో పేటెంటు మంజూరైంది. ఇరవై ఏళ్లు మంజూరైన రోజు నుంచి కాదు, దరఖాస్తు తేదీ నుంచే లెక్క. అంటే 2038 ఫిబ్రవరి దాకా. ఆలస్యంగా మంజూరైనందుకు గడిచిపోయిన సంవత్సరపు రెన్యువల్ మూడు నెలల్లో కట్టాలి. మూడో ఏడాది నుంచి ఆరో ఏడాది దాకా ఏడాదికి 800 రూపాయలే కాబట్టి నొప్పి తెలియలేదు.

విదేశాల్లో వేయలేదు. మొదటి తేదీ నుంచి 12 నెలల్లో తేల్చుకోవాలి, ఖర్చు లక్షల్లో ఉంటుంది. ఆవకాయ పెట్టుకునే అమెరికా తెలుగువారి కోసం అమెరికా పేటెంటు తీసుకునేంత అమాయకత్వం మాలో లేదు.

ఇక అమ్మకం. ప్రచురణ అయిన దగ్గర నుంచే కంపెనీలకు రాస్తున్నాం. చూసింది ఎవరికీ చెప్పబోమనే గోప్యతా ఒప్పందం మీద సంతకం పెట్టమంటే పెద్దవాళ్లెవరూ పెట్టలేదు. ప్రచురణ అయ్యాక దాని అవసరమూ తగ్గింది, రహస్యమేముంది కనుక? చాలామంది జవాబివ్వలేదు. ఒకరు చాలా మర్యాదగా నమూనా తెప్పించుకున్నారు, బాగుందన్నారు, తిరిగి పంపారు. తరవాతి వేసవికి వాళ్ల పేరుతో ఒక మామిడికాయ కత్తి బజారులోకి వచ్చింది. రంగు మాది, పలక గాడి మాది, జీడి ముల్లు మాది. ఇరుసు మాత్రం బిగించేశారు, జరగదు. మరిది కోర్టు అన్నాడు. ఏజెంటు మొదటి క్లెయిము చేతికిచ్చి చదవమంది. ఇరుసు జరగాలని మేమే రాశాం, అది రాస్తేనే పేటెంటు వచ్చింది. జరగని ఇరుసు మా గీతకు అవతల ఉంది. ఆకారానికి డిజైన్ రిజిస్ట్రేషన్ వేరే ఉంటుంది, వ్యక్తులకు రుసుము 1,000 రూపాయలే, పదేళ్లు, ఆపై ఇంకో అయిదేళ్లు రక్షణ. అప్పటికే వస్తువు ప్రచురణలోకి వచ్చేసింది కనుక మాకు ఆ దారి లేదు. ఆ కంపెనీ పేరు చెప్పను. వాళ్ల కత్తి కూడా పెద్దగా అమ్ముడుపోలేదు, పెద్ద కాయ పెడితే పాత కత్తిలాగే టెంక దగ్గర ఆగుతుంది.

గుజరాత్‌లోని రాజ్‌కోట్ సంగతి మాకు తమిళనాడులో ఒక గ్రైండర్ల డీలరు చెప్పాడు. వంటింటి సామాన్లు చేసే కార్ఖానాలు అక్కడ వీధికొకటి. మేం వెళ్లిన కంపెనీ యజమానికి ఆవకాయ తెలియదు, కానీ పచ్చి మామిడికాయను ముక్కలు కొట్టడం బాగా తెలుసు. వాళ్ల ఇళ్లల్లోనూ వేసవిలో అదే పని, సూడీ అనే కత్తెరతో. ఉత్తరాదిలో సరోతాతో. నేను రెండు తెలుగు రాష్ట్రాల బజారు లెక్కలు పట్టుకెళ్లాను, ఆయన మ్యాపు మీద దేశంలో సగం చూపించాడు.

ఆయన అడిగిన ప్రశ్నలు పేటెంటు కార్యాలయం ప్రశ్నల కన్నా కష్టమైనవి. ఇందులో ఎన్ని భాగాలున్నాయి? పద్నాలుగా? తొమ్మిదికి తీసుకురాగలరా? వెల్డింగు ఎందుకు, రివెట్టు చాలదా? తయారీ ఖర్చు ఒక రూపాయైతే దుకాణంలో ధర మూడున్నర రూపాయలు ఉండాలి, లేకపోతే డీలరు ముట్టుకోడు. మీ లెక్కలో ఎంతొస్తోంది? సీజన్ మూడు నెలలే, మిగతా తొమ్మిది నెలలు నా గోదాములో ఇది ఏం చేస్తుంది? ఎండుకొబ్బరి కొట్టి చూపించాం, చెరకు ముక్క కొట్టి చూపించాం. ఎండుకొబ్బరికి ఆయన ముఖం వెలిగింది. పేటెంటు పత్రాన్ని మాత్రం రెండు నిమిషాలు చూశాడు, వాళ్ల వకీలుకు పంపాడు. ఆ వకీలు చూసింది కూడా మొదటి క్లెయిము ఒక్కటే. ఎవరైనా ఇరుసు జరిగేలా చేస్తే ఆపగలమా అని అడిగాడు, ఆపగలమంది మా ఏజెంటు. ఇంకొకటి ఆయన్ను నిజంగా కదిలించింది. అది నా ఆర్డర్ల పుస్తకం వెనక పేజీలు. తేదీలు, రకాలు, ఊడిన ముక్కలు. మా దగ్గరికి వచ్చేవాళ్లు బాగా పనిచేస్తుందని చెబుతారు, ఎంత బాగా అని ఎవరూ రాసుకురారు అన్నాడు.

బేరం మొదలైంది. ముందు, పేటెంటు మొత్తం రాసిచ్చేయండి, ఒకేసారి ఇంత అన్నాడు. మరిది ఒప్పుకునేలాగే ఉన్నాడు, షాపు మీద అప్పుంది. నేను లైసెన్సే అన్నాను, అంటే పేటెంటు మా దగ్గరే ఉంటుంది, చేసి అమ్ముకునే అనుమతి మాత్రం వాళ్లకు. రాసిచ్చేశాక ఆయన దాన్ని బీరువాలో పెట్టి, పాత సూడీలే అమ్ముకుంటే మేం చేయగలిగిందేమీ లేదు. అమ్మకాల మీద మాకు ఇచ్చే వాటా, అదే రాయల్టీ, ఈ వ్యాపారంలో ఒకటిన్నర, రెండు శాతం మించదని ఆయన మాట. దానికి ఏజెంటు హైదరాబాద్ ఉదాహరణ ఇచ్చింది. క్యాన్సర్ మందు నెక్సావార్‌కు పేటెంటు జర్మనీ కంపెనీ బేయర్‌ది. నెలకు 2.8 లక్షల రూపాయల మందును 8,800కు అమ్ముతానని హైదరాబాద్ మందుల కంపెనీ నాట్కో అడిగితే, 2012 మార్చిలో పేటెంటు కార్యాలయం దేశంలో మొదటి తప్పనిసరి లైసెన్సు ఇచ్చింది. ఆ రాయల్టీ 6 శాతం, మరుసటి ఏడాది అప్పీలులో 7 అయింది. యజమాని ఇష్టం లేకుండా తీసుకున్నదానికే అంత ఇస్తే, మేం ఇష్టంగా ఇస్తున్నదానికి రెండేమిటని ఆమె వాదం. మందుకూ కత్తికీ పోలికా అని ఆయన గట్టిగా నవ్వాడు. నవ్వాక నాలుగుకు వచ్చాడు.

శాతం మీద చేసినంత పోరాటం, శాతం దేని మీద అన్నదాని మీదా చేయాల్సి వచ్చింది. ముసాయిదాలో 'నికర అమ్మకం ధర' అని ఉంది. అందులోంచి డీలరు తగ్గింపు, రవాణా, ప్రకటనలు, పాడైన సరుకు అన్నీ తీసేశారు. అవన్నీ తీస్తే మిగిలేదాని మీద పది శాతం వచ్చినా టీ ఖర్చులకే. జీఎస్టీ, వెనక్కి వచ్చిన సరుకు, ఈ రెండే తీయాలని పట్టుబట్టాం. కనీస రాయల్టీ పెట్టించాం: ఒక్క కత్తి అమ్మకపోయినా ఏడాదికి ఇంత. రెండేళ్లు వరసగా అది కట్టకపోతే, లేదా ఏడాదిలోగా తయారీ మొదలుపెట్టకపోతే లైసెన్సు దానంతటదే పోతుంది. లెక్కల పుస్తకాలు మా మనిషి చూడవచ్చు. కాపీదారుల మీద దావా ఖర్చు వాళ్లదే. ప్రత్యేక లైసెన్సుదారుకు, అంటే ఆ లైసెన్సు తనకొక్కడికే ఉన్నవాడికి, తన పేరునే దావా వేసే హక్కు చట్టంలో ఉంది. ఒక్కటి వదులుకున్నాం. మరిది ఆటోనగర్‌లో చేసుకుని అమ్ముకునే హక్కును నూజివీడు, విజయవాడ చుట్టుపక్కలకే, ఏడాదికి కొన్ని వందలకే పరిమితం చేసుకున్నాం. దానికి బదులుగా సంతకం రోజున ముందస్తు మొత్తం పెరిగింది, షాపు అప్పు తీరింది.

సంతకాలయ్యాక పని అయిపోలేదు. లైసెన్సు రాతపూర్వకంగా ఉండాలి, ఫారం 16తో పేటెంటు రిజిస్టరులో నమోదు చేయించాలి. నమోదు కాని కాగితాన్ని కోర్టు సాక్ష్యంగా తీసుకోకపోవచ్చు. అది మేం చేయించుకున్నాం, కంపెనీ చేయిస్తుందని ఊరుకోలేదు. ఆవిష్కరణను నిజంగా తయారు చేస్తున్నారా లేదా అని ఫారం 27లో చెప్పుకోవాలి. ఇదివరకు ఏడాదికోసారి ఉండేది, 2024 నిబంధనలతో మూడేళ్లకోసారి అయింది.

కంపెనీ కత్తి మొదటిసారి చేతికి వచ్చినప్పుడు మరిది దాన్ని విప్పి బల్ల మీద పరిచాడు. పదకొండు భాగాలు. వెల్డింగు ఎక్కడా లేదు. పలకను అల్యూమినియంలో పోతపోశారు, నాకు నచ్చలేదు, ఉప్పూ పులుపూ తగిలే చోట అల్యూమినియం ఏమిటని రాశాను. పూత వేశామన్నారు. పూత ఎన్ని వేసవులు ఉంటుందో చూస్తాం. రెండో విడతకైనా స్టీలు చేయించాలని ఇంకా ఉత్తరాలు నడుస్తున్నాయి.

రాయల్టీ ఏడాదికి రెండు విడతలుగా వస్తుంది. 10 శాతం పన్ను ముందే పట్టుకుని పంపుతారు. పాత పన్ను విధానంలో రిటర్ను వేసేవారికి పేటెంటు రాయల్టీ మీద 1961 ఆదాయపు పన్ను చట్టం 80ఆర్‌ఆర్‌బి సెక్షన్ కింద 3 లక్షల రూపాయల దాకా మినహాయింపు ఉంది. మా ఆడిటరుకు ఈ సెక్షన్ కొత్త, వాడిన క్లయింటు ఆయనకు మేమే మొదటట. రెన్యువల్ కట్టే బాధ్యత ఒప్పందంలో కంపెనీదే. అయినా ఫిబ్రవరి రాగానే పేటెంటు కార్యాలయం వెబ్‌సైటులో రసీదు పడిందో లేదో మేనల్లుడి చేత చూపించుకుంటాను. గడువు దాటినా ఆరు నెలల్లోపు అదనపు రుసుముతో కట్టవచ్చు. అదీ దాటితే పేటెంటు పోతుంది, మళ్లీ బతికించుకోవాలంటే 18 నెలల్లో అర్జీ పెట్టుకోవాలి. ఏడో ఏడాది నుంచి రుసుము 2,400 అయింది. కంపెనీ సకాలంలోనే కట్టింది.